1643వ పేజీ దగ్గర విరిగిన నడుము

నేను ఏఐఆర్ (ఆల్ ఇండియా రిపోర్టర్) 1967 సుప్రీంకోర్టు తీర్పుల సంపుటాన్ని. నాగపూర్‌ సంస్థ వాళ్ల ప్రచురణ. ఇప్పుడు బిలాస్‌పూర్ వ్యాపార్ విహార్‌లో, కింద పప్పుల హోల్‌సేల్ కొట్టు ఉన్న మేడ మీద, ఓ వకీలు గారి బీరువాలో ఉంటున్నాను. ఆయన రైల్వే కాలనీలో పెరిగిన తెలుగాయన. చుట్టూ వ్యాపారులే కాబట్టి ఆయనకొచ్చేవన్నీ చెక్కు బౌన్సులూ, జీఎస్టీ నోటీసులూ. నన్ను తీసేది ఎప్పుడోగాని లేదు.

తీసినా అందరూ 1643 దగ్గరే తెరుస్తారు. గోలక్‌నాథ్ తీర్పు! రాజమండ్రిలో 1902లో పుట్టిన కోకా సుబ్బారావు గారు మద్రాసులో వకాల్తా చేసి, 1948లో అక్కడే హైకోర్టు జడ్జీ అయ్యారు. గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1958లో ఢిల్లీకి, సుప్రీంకోర్టుకు చేరారు. 1967 ఫిబ్రవరి 27న పదకొండుమంది బెంచిలో ఆయనతో కలిపి ఆరుగురు ఒకవైపు నిలిచి, ప్రాథమిక హక్కులను కుదించే సవరణ పార్లమెంటు చేయకూడదన్నారు. అయితే ఆ మాట ఇకముందుకే వర్తిస్తుందట! గెలిచిన వాదన చేతిలో పెట్టుకుని జలంధర్ గోలక్‌నాథ్ కుటుంబం ఉత్తచేతులతో ఇంటికెళ్లింది. 1973లో కేశవానంద భారతి కేసులో పదముగ్గురు కూర్చుని ఆ తీర్పునూ కొట్టేశారు. కొట్టేస్తే మాత్రం? నా పేజీ ఎవరూ చింపలేదు.

ఆయన ఓడిన చోటే ఎక్కువ గెలిచారని నా లెక్క. పై అరలో ఉన్న మా 1963 అన్నను అడగండి. ఖరక్ సింగ్ ఇంటి మీద పోలీసు నిఘా కేసులో, ఏకాంతం కూడా స్వేచ్ఛలో భాగమేనని ఆయన రాసింది మైనారిటీ తీర్పు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల బెంచి ఆ మాటకే వచ్చింది.

నాకిష్టమైన పేజీ 1836. ఏప్రిల్ 10న సత్వంత్ సింగ్ కేసులో, విదేశానికి వెళ్లడం కూడా వ్యక్తి స్వేచ్ఛేననీ, చట్టం లేకుండా పాస్‌పోర్టు ఆపడం కుదరదనీ చెప్పారు. ముగ్గురు ఇటు, ఇద్దరు అటు. మర్నాడే రాజీనామా చేసి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి నిలబడ్డారు. జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడారు. బెంచి దిగి అంత తొందరగా ఎన్నికల బరిలోకి వెళ్లడం నాకు నచ్చలేదు.

మొన్న కింది కొట్టు సేఠ్ కొడుకు పైకొచ్చాడు. కేసు నడుస్తోంది, పాస్‌పోర్టు రెన్యువల్ ఆగిపోయింది.

"బైఠియే, చూద్దాం" అని వకీలు గారు బీరువా తెరిచారు. నా పక్కనుంచి చెయ్యి పోనిచ్చి పాస్‌పోర్టు చట్టం తీశారు. 1967లో ఆ చట్టం చేయక తప్పని పరిస్థితి తెచ్చింది నా 1836వ పేజీయే!