ఆఫీసు ప్రవేశ శాస్త్రం: కామారెడ్డి, ఎల్లారెడ్డి సంప్రదాయాలు

శాస్త్రం రాసేవాడు మొదట నాలుగు సంగతులు తేల్చాలని పెద్దల కట్టడి: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. ఈ శాస్త్రానికి విషయం, జూనియర్ వకీలు ఒక సీనియర్ ఆఫీసులో చేరడం, అక్కడినుంచి ఇంకో ఆఫీసుకు మారడం. ప్రయోజనం, మారాక కూడా బార్ రూమ్‌లో మొహం చెల్లడం. సంబంధం, ఎక్కువగా మేనమామ తరఫుది. అధికారి ఎవరన్నది చిక్కు ప్రశ్న కనక దానికి విడిగా ఒక అధ్యాయం ఉంది.

ఇంత చిన్న సంగతికి శాస్త్రమెందుకని పూర్వపక్షం. దానికి సమాధానం ఇది. లండన్‌లో ఒక బారిస్టరు ఒక ఛాంబర్స్ వదిలి ఇంకో ఛాంబర్స్‌లో చేరితే న్యాయ పత్రికల్లో ఫొటోతో వార్త వస్తుంది. చేర్చుకున్నవారు పొంగిపోతారు, వదులుకున్నవారు శుభం కోరతారు. కామారెడ్డిలో అలాంటి ప్రకటన ఏదీ రాదు. అయినా సోమవారం పొద్దున జూనియర్ కొత్త ఆఫీసు కట్టలు చంకలో పెట్టుకుని వస్తే, కాల్ వర్క్ మొదలయ్యేలోగా బెంచి క్లర్కుకు, టైపిస్టుకు, అమీనాకు, గేటు ముందరి చాయ్ హోటల్‌కు తెలిసిపోతుంది. కాగితం లేకుండా ఇంత క్రమంగా నడిచేదాన్ని శాస్త్రమనక తప్పదు.

దేశ నిర్ణయం

ఈ శాస్త్రం కామారెడ్డి, ఎల్లారెడ్డి కోర్టుల పరిధిలో చెల్లుతుంది. ఎల్లారెడ్డి అంటే తాడ్వాయి, లింగంపేట మీదుగా బస్సు వెళ్లే ఎల్లారెడ్డి. చక్కెర ఫ్యాక్టరీ ఉన్న అడ్లూర్ ఎల్లారెడ్డి కాదు, సిరిసిల్ల వైపున్న ఎల్లారెడ్డిపేట అసలే కాదు. ఈ భేదం తెలియని కొత్త జూనియర్ పేషీ నాడు చెరుకు బండ్ల నడుమ నిలబడి జడ్జిగారి కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

2016 అక్టోబర్ 11న కామారెడ్డి నిజామాబాద్ నుంచి విడివడి జిల్లా అయింది. న్యాయ జిల్లా కావడానికి మాత్రం 2022 జూన్ 2 దాకా ఆగింది. ఆ రోజు రాష్ట్రంలో కొత్తగా 23 న్యాయ జిల్లాలు మొదలై మొత్తం 33 అయ్యాయి. జిల్లా కోర్టుతో పాటు ఊళ్లో కేసులు పెరుగుతాయి, సీనియర్లు పెరుగుతారు. సీనియర్లు పెరిగితే జూనియర్‌కు మారడానికి చోటు దొరుకుతుంది. మన శాస్త్రంలోని గమన ప్రకరణమంతా ఆ తేదీ పుణ్యమే.

అధికారి నిర్ణయం

ప్రవేశానికి అర్హుడెవరు? పూర్వం ఇది పెద్ద తగాదా. బారిస్టరు, వకీలు, ప్లీడరు, ముక్తారు అని న్యాయవాదుల్లో వర్ణవ్యవస్థ ఉండేది. రాజమండ్రిలో రెండో తరగతి ప్లీడరుగా ఉన్న టంగుటూరి ప్రకాశం పై కోర్టు గడప తొక్కాలంటే అంతస్తు మారాలి కాబట్టి 1904లో ఓడెక్కి లండన్ వెళ్లారు. బారిస్టరై తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో వాదించారు. ఈ వర్ణాలన్నిటినీ 1961 నాటి అడ్వకేట్ల చట్టం కలిపేసి, అందరినీ ఒక్క అడ్వకేటుగా చేసింది. బారిస్టరు పోయాడు, ఆయన నల్లకోటూ తెల్లబ్యాండూ మిగిలాయి. మే నెల ఎండలో ఎల్లారెడ్డి బస్టాండులో ఆ కోటు చేతిమీద వేసుకుని నిలబడ్డ జూనియర్‌ను చూస్తే ఆంగ్లేయుల వారసత్వం ఎంత బరువో తెలుస్తుంది.

ఇప్పుడు అర్హతకు లా డిగ్రీ, బార్ కౌన్సిల్‌లో పేరు, అఖిల భారత బార్ పరీక్షలో పాసు కావాలి. పేరు ఎక్కించడానికి చట్టం పెట్టిన రుసుము 750 రూపాయలు. ఎస్సీ, ఎస్టీలకు 125. రాష్ట్ర కౌన్సిళ్లు దీనిమీద రకరకాల పేర్లతో వేలకు వేలు కలుపుతూ వచ్చాయి. చట్టంలో ఉన్నంతే తీసుకోవాలని సుప్రీంకోర్టు 2024 జూలై 30న తేల్చింది. అంటే న్యాయవాది కాబోయేవాడికి న్యాయం ముందుగా ప్రవేశ రుసుములోనే దొరికింది. ఆ తర్వాత దొరుకుతుందో లేదో చెప్పడానికి మిగిలిన అధ్యాయాలు.

సూత్ర ప్రకరణం

మొదటి సూత్రం: నియామకం నోటిమాట.

తండ్రి కొడుకును వెంటబెట్టుకుని సాయంత్రం ఏడింటికి ఆఫీసుకొస్తాడు. "మా పోరగాడు లా చదివిండు సార్. మీ కాడ పెట్టుకోండ్రి, జర పని నేర్పుండ్రి." సీనియర్ కట్టలోంచి తలెత్తకుండా "రేపటి సంది రమ్మను" అంటారు. ఇదే నియామక పత్రం. ఇందులో జీతం గడి లేదు, సెలవుల గడి లేదు, గడువు లేదు. వచ్చింది అమ్మాయైతే మాత్రం అదనంగా ఒక ప్రశ్న ఉంటుంది: "పెళ్లెప్పుడమ్మా?" అబ్బాయిని ఈ ప్రశ్న ఏ సీనియరూ అడిగిన దాఖలా లేదు. పెళ్లయితే అమ్మాయి బార్ మారుతుందని సీనియర్ల సిద్ధాంతం. సంపాదన లేక అబ్బాయి వృత్తే మారతాడన్నది వారికింకా తట్టలేదు.

రెండో సూత్రం: చేరేది సీనియర్ దగ్గర, ఉండేది క్లర్కు దగ్గర.

ఇది లండన్‌కూ చెల్లే సూత్రం. అక్కడి ఛాంబర్స్‌లో బారిస్టర్లు ఎవరికి వారే యజమానులు, అద్దె పంచుకుంటారు. ఏ కేసు ఎవరికి పోవాలో చూసే క్లర్కును మాత్రం అందరూ కాస్త భయంతోనే పలకరిస్తారు. కామారెడ్డి క్లర్కుకు అంత హోదా లేకున్నా ప్రభావంలో తేడా లేదు. పేషీ తారీఖు, ఏ పార్టీ ఫీజు బాకీ, ఏ జడ్జిగారికి ఏది గిట్టదు, అన్నీ ఆయన డైరీలో ఉంటాయి. "ఏం తమ్మీ, వెల్ఫేర్ స్టాంపు అతికించినవా?" అని అడిగే ఆ క్లర్కు దగ్గరే జూనియర్ అసలు విద్య నేర్చుకుంటాడు.

మూడో సూత్రం: స్థాయి కుర్చీని బట్టి.

లండన్‌లో కొత్త బారిస్టరు పన్నెండు నెలలు శిష్యరికం చేయాలి. మొదటి ఆరు నెలలు చూడ్డమే పని, తర్వాతి ఆరు నెలలు కోర్టులో తానే నిలబడి మాట్లాడొచ్చు. మన దగ్గరా ఇంతే. మొదటి ఆరు నెలలు చూస్తాడు, తర్వాతి ఆరు నెలలు నిలబడతాడు, ఎందుకంటే ఆఫీసులో ఉన్న కుర్చీలు పార్టీలకే చాలవు. రెండో ఏడు ప్రింటర్ పక్కన స్టూలు. మూడో ఏడు ఫ్యాను గాలి తగిలే కుర్చీ. కేసు గురించి చెప్పేటప్పుడు పార్టీ సీనియర్ వైపు కాక జూనియర్ వైపు తిరిగితే ఆ జూనియర్ ఎదిగాడని గుర్తు. సీనియర్ అది గమనించినట్టు కనబడితే గమన ప్రకరణం దగ్గర పడిందని గుర్తు.

నాలుగో సూత్రం: ఒక్క వాక్యం వస్తే చాలు.

ఆ వాక్యం, "మా సీనియర్ వేరే కోర్టులో ఉన్నారు సార్, పాస్ ఓవర్ ఇప్పించండి." అంటే కేసు కాసేపాగి పిలవండని. ఇక్కడే రెండు సంప్రదాయాలూ విడిపోతాయి. కామారెడ్డి సంప్రదాయంలో వేరే కోర్టు అంటే పక్క హాలు. జడ్జిగారికి అనుమానం వస్తే అటెండర్‌ను పంపి చూసి రమ్మనగలరు. ఎల్లారెడ్డి సంప్రదాయంలో వేరే కోర్టు అంటే కామారెడ్డి, దగ్గర దగ్గర నలభై కిలోమీటర్లు. ఏ అటెండరూ వెళ్లి చూసిరాలేడు. ప్రమాణంతో ఖండించలేని వాక్యం సత్యమనే తర్కం ప్రకారం ఎల్లారెడ్డి జూనియర్లే ఎక్కువ సత్యవాదులు.

గమన ప్రకరణం

జూనియర్ గమనాలు అయిదు.

ఊర్ధ్వ గమనం: ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి, కామారెడ్డి నుంచి హైదరాబాద్‌లో హైకోర్టుకు. దీన్ని ఎవరూ తప్పుపట్టరు. పాత సీనియర్ కూడా "మా పోరడే హైకోర్టుల ఉన్నడు" అని పార్టీలకు చెప్పుకుంటారు, అప్పీళ్లు పంపిస్తారు.

తిర్యక్ గమనం: ఉన్న ఊళ్లోనే ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు. గమనాల్లో ఇది అతి కష్టం. వదిలేసిన సీనియర్ రేపు బార్ రూమ్‌లో పక్క కుర్చీలోనే ఉంటారు. భాగపంపకం దావాలో ఎదుటి పక్షం వకీలు ఆఫీసుకు మారడం మహాపాతకం. పాత ఆఫీసు పార్టీ కూడా జూనియర్ వెంట వస్తానంటే ఇంకో చిక్కు: ఒక వకీలు వకాలత్ ఉన్న కేసులో ఆయన సమ్మతి లేనిదే ఇంకొకరు దిగకూడదని బార్ కౌన్సిల్ నియమం. ఆయన సమ్మతి ఇవ్వకపోతే కోర్టు అనుమతి అడగాలి. కనక ఆ జూనియర్ పాత సీనియర్ దగ్గరికే నో అబ్జెక్షన్ సంతకానికి వెళ్తాడు. ఆయన కాదనరు. "రేపు రా" అంటారు.

స్వతంత్ర గమనం: సొంత బోర్డు. వకీలు ప్రచారం చేసుకోకూడదు, బోర్డు కూడా మోతాదు మించకూడదు. అందుకని బోర్డు చిన్నదే పెట్టి, పక్కన శుభాకాంక్షల ఫ్లెక్సీ పెద్దది పెడతారు. ఫ్లెక్సీ కట్టింది వకీలు కాదు, శ్రేయోభిలాషులు. శ్రేయోభిలాషులను నియంత్రించే నియమం ఇంకా రాలేదు.

రాజాశ్రయ గమనం: పబ్లిక్ ప్రాసిక్యూటర్ కావాలంటే ఏడేళ్ల అనుభవం ఉండాలి. నోటరీకి పదేళ్లు, మహిళలకూ, ఎస్సీ, ఎస్టీ, బీసీలకూ ఏడేళ్లు. ప్రభుత్వ ప్లీడరు పదవికి చట్టపరమైన అర్హతలు ఒక ఎత్తు, ఎమ్మెల్యే గారి దర్శనం ఇంకో ఎత్తు. ప్రభుత్వం మారిన రోజు ఈ గమనం తిరోగమనం అవుతుంది.

ధర్మాసన గమనం: జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష. చదువు ముగించి నేరుగా పరీక్ష రాసే కాలం పోయింది. మూడేళ్ల ప్రాక్టీసు ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 2025 మే 20న మళ్లీ నిబంధన పెట్టింది. ఆ మూడేళ్లకు సర్టిఫికెట్ ఇవ్వాల్సింది ప్రాక్టీసు చేసిన కోర్టు ప్రధాన న్యాయాధికారి, లేదా ఆయన ధ్రువీకరణతో పదేళ్లు నిండిన వకీలు. ఈ తీర్పు తర్వాత పదేళ్లు నిండిన సీనియర్లకు పొద్దుటి నమస్కారాలు పెరగడం సహజం. రేపు బెంచి మీద కూర్చోబోయే మనిషిని ఇవాళ జిరాక్స్‌కు పంపుతున్నామేమోనన్న సందేహం సీనియర్లకు రావడం ఇంకా సహజం.

ఆ సందేహం అసంగతం కాదు. హైదరాబాద్‌లో బూర్గుల రామకృష్ణారావు గారి ఆఫీసులో పీవీ నరసింహారావు అనే జూనియర్ ఉండేవారు. సీనియర్ 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. జూనియర్ 1991లో దేశానికి ప్రధాని అయ్యారు. కామారెడ్డి సీనియర్లందరూ స్టూలు మీద కూర్చున్న పిల్లవాడి వైపు ఒకసారి తిరిగి చూడాలని ఈ ఉదాహరణ ప్రార్థన.

జీవనోపాధి ప్రకరణం

మన ఆఫీసుల్లో లాగే ఈ శాస్త్రంలోనూ డబ్బు మాట చివరికి వస్తుంది.

జూనియర్లకు నెలకు పట్టణాల్లో కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబర్‌లో సర్క్యులర్ పంపింది. దీనిమీద వ్యాఖ్యాతలకు ఒక పెద్ద సందేహం: కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాలా, గ్రామాలా? రెండూ మున్సిపాలిటీలే. అయితే సీనియర్ల వ్యాఖ్యానం సూక్ష్మమైంది. పార్టీ దగ్గర ఫీజు చెప్పేటప్పుడు ఊరు పట్టణం, జూనియర్‌కు ఇచ్చేటప్పుడు గ్రామం. సర్క్యులర్ సలహాయే గాని ఆజ్ఞ కాదని గుర్తొచ్చిన మరుక్షణం అది గ్రామమూ కాదు, అడవి. పెట్రోలుకని వంద, దసరాకు ఒక కవరు, కేసు గెలిస్తే బిర్యానీ, పార్టీ వెళ్తూ వెళ్తూ చేతిలో పెట్టిన నోటు, ఇవీ అడవిలో దొరికే కందమూలాలు.

సీనియర్ల పక్షం కూడా చెప్పకపోతే శాస్త్రం పక్షపాతం అవుతుంది. ఇంజంక్షన్ దావా వేసిన రైతు ఫీజులో సగం పంట వచ్చాక ఇస్తానంటాడు, పంట వచ్చాక వాయిదా వచ్చినప్పుడు ఇస్తానంటాడు. ఆఫీసు అద్దె మాత్రం నెల తప్పకుండా వస్తుంది. ఇవన్నీ నిజాలే. అయితే అద్దె ఇంటి యజమానికి అందుతోంది, కరెంటు బిల్లు కడుతున్నారు, జిరాక్స్ షాపు ఖాతా తీరుతోంది. రాబడి తక్కువన్న కారణం ఒక్క జూనియర్ దగ్గరే గుర్తొస్తోంది. స్టూలు దూరం, ఫ్యాను గాలి, వకాలత్‌లో రెండో పేరు, వీటికి ఇంత ప్రాముఖ్యం ఎందుకొచ్చిందో ఇక్కడ తేలుతుంది. జీతం లేనిచోట మర్యాదనే కూలిగా పంచుతారు. అది తగ్గిందనిపించిన రోజు జూనియర్ ఆఫీసు మారతాడు. లోకం మాత్రం పిల్లవాడికి నిలకడ లేదంటుంది.

ఫలశ్రుతి

ఈ శాస్త్రం చదివిన జూనియర్ పాత సీనియర్‌కు చెప్పకుండా ఆఫీసు మారడు. చదివిన సీనియర్ నో అబ్జెక్షన్ మీద అడిగిన రోజే సంతకం పెడతారు. చదివిన పార్టీ ఫీజులో జూనియర్ భాగం జూనియర్ చేతికే ఇస్తాడు. చదివిన తండ్రి సాయంత్రం ఏడింటికి కొడుకునో కూతురునో వెంటబెట్టుకుని వెళ్లినప్పుడు, "పని నేర్పుండ్రి" అన్న మాట వెనకే "నెలకు ఎంతిస్తరు సార్?" అని కూడా అడుగుతాడు. ఒకటో తారీఖున జీతం అందే ఆఫీసులో చేరినవారికి ఈ శాస్త్రంతో పనే లేదు.