పన్నుకి మీసాలుండే రోజులు

ఫోను మీద బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కుతావు. జపానులో ఎవడో వాడి వదిలేసిన ఆంప్లిఫయరు వారం పది రోజుల్లో టార్నీట్‌లో నీ గుమ్మం ముందు దిగుతుంది. అక్కడిదాకా ముఖం వెలిగిపోతూ ఉంటుంది. ఆ తర్వాత మొదలు ఏడుపు. జీఎస్టీ అట, ప్రాసెసింగ్ చార్జీ అట, బ్రోకరు ఫీజట, పార్శిల్ నాలుగు రోజులు గోడౌన్లో ఉన్నందుకు అద్దె అట. కట్టేది నువ్వు, వినాల్సింది నేను. ఒరే అబ్బాయ్, నీకు పన్ను పడిందని నాకేం బాధ లేదు. ఆ పన్ను వేసినవాడి మొహం నువ్వు చూడలేదే, అదీ నా బాధ. మా రోజుల్లో పన్నుకి ఓ మనిషి ఉండేవాడు. తెల్ల యూనిఫాం, చేతిలో సుద్దముక్క, పైపెదవి నిండా మీసం.

నేనీ ఆస్ట్రేలియాకొచ్చింది ఎనభైల్లో. అప్పట్లో ఇండియా వెళ్లడమంటే ఆర్నెల్ల ముందు నుంచే ఉత్తరాలు మొదలయ్యేవి. నీలం ఏరోగ్రామ్‌లో క్షేమసమాచారాలు రెండు లైన్లు, మిగతాదంతా సామాన్ల చిట్టా. బావగారికి టూ ఇన్ వన్, చిన్నాన్నకి క్యాసెట్లు, అవీ తొంభై నిమిషాలవే. సింగపూర్‌లో విమానం మారేటప్పుడు కొనేవాళ్లం. తీరా మన దేశంలో దిగాక, గ్రీన్ ఛానల్ వైపు నడవడానికి గుండె చాలేది కాదు, రెడ్ ఛానల్ వైపు నడవడానికి మనసొప్పేది కాదు. మధ్యలో తచ్చాడుతుంటే మీసాలాయనే పిలిచేవాడు.

"పెట్టెలో ఏముంది?"

"పాత టేప్ రికార్డరండీ, వాడుకుంటున్నదే."

"వాడుకుంటున్నదానికి థర్మోకోల్ ఎందుకయ్యా?"

ఈ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. "ఏదీ, పాడించు" అన్నాడు. సంచిలో చేతికి తగిలిన క్యాసెట్ ఘంటసాల భగవద్గీత. గోడనున్న ప్లగ్గులో పెట్టి మీట నొక్కాను. లైన్ ఆగిపోయింది. వెనకాల దుప్పట్లు మూటగట్టుకుని గల్ఫ్ నుంచి దిగినవాళ్లూ, సూటు వేసుకున్న డాక్టరుగారూ అందరూ నిలబడి విన్నారు. ఆఫీసరు కళ్లు మూసుకుని శ్లోకం విన్నాడు, తాత్పర్యమూ విన్నాడు. కళ్లు తెరిచాడు. సుంకం రాశాడు. కర్మ మనది, ఫలం సర్కారుది. అయినా రశీదు చేతిలో పెడుతూ "బేస్ కాస్త తగ్గించుకోండి సార్, గొంతు ఇంకా విచ్చుకుంటుంది" అని ఓ మాట చెప్పి, పెట్టె మీద సుద్దతో గీత కొట్టి పంపించాడు. నీ జీఎస్టీ ఎప్పుడైనా నీతో బేస్ గురించి మాట్లాడిందా?

విదేశాల్లో చుట్టాల్లేనివాళ్లకి మద్రాసు బర్మా బజారే దిక్కు. బర్మా నుంచి తరలివచ్చిన వాళ్ల బతుకుతెరువు కోసం 1969లో వెలిసిన బజారది. నెల్లూరు వాళ్లు పొద్దున్నే రైలెక్కి వెళ్లి రాత్రికల్లా 'ఒరిజినల్ జపాన్' పట్టుకొచ్చేవాళ్లు. బిల్లుండదు, గ్యారంటీ ఉండదు, పన్ను మాట అసలే ఎత్తకూడదు. ఇంటికొచ్చి విప్పాక లోపల ఏం కనపడేదో అడక్కు. అదీ ఒక గొప్పేనా అంటావు. గొప్పే. బేరమాడేవాళ్లం.

ఈ దేశంలో మాత్రం? స్టీరియో కొనడమంటే శనివారం పొద్దున్నే వెళ్లాలి, మధ్యాహ్నానికి షట్టర్లు దించేసేవాళ్లు. షాపులో ఓ గది, గదిలో ఓ సోఫా, మనం తీసుకెళ్లిన రికార్డు మనకే వేసి వినిపించేవాడు. డబ్బు చాలకపోతే లేబై. వారం వారం కొంత కట్టుకుంటూ పోవాలి, మొత్తం తీరాకే పెట్టె చేతికొచ్చేది. అప్పటిదాకా నీ స్టీరియో వాళ్ల గిడ్డంగిలో, నీ ప్రాణం దాని చుట్టూ. ఇప్పుడు మీకు తిరగేసిన పద్ధతి, ముందు వస్తువు, తర్వాత వాయిదాలు. మోజు తీరిపోయిన వస్తువుకి వాయిదా కట్టడంలో ఏం సుఖముందో నాకు అర్థం కాదు.

ధర చీటీ మీద ఒకటే అంకె ఉండేది. పన్ను ఉండేది కాదనుకునేవు! టోకు అమ్మకం పన్ను అని ఒకటి అందులోనే నక్కి కూర్చునేది. నగలూ, బొచ్చు కోట్లూ, వాటి సరసన స్టీరియోలూ టీవీలూ అన్నీ విలాస వస్తువులే. తొంభైల చివర్లో వాటి టోకు ధర మీద 32 శాతం. 2000 జులై 1న హోవార్డ్ ప్రభుత్వం దాన్ని ఎత్తేసి 10 శాతం జీఎస్టీ తెచ్చింది. లెక్క ప్రకారం స్టీరియోల ధర తగ్గాలి, తగ్గింది కూడా. కాదనను. కానీ 32 శాతం కట్టినన్నాళ్లూ కట్టినట్టే తెలియలేదు. 10 శాతం మాత్రం కట్టిన ప్రతిసారీ తెలుస్తోంది. ఏది మంచి ప్రభుత్వమో నువ్వే చెప్పు.

నేను చేరిన ఆఫీసులో ఓ ముసలి ఆస్ట్రేలియన్ ఉండేవాడు. నేను కొన్న జపాను సెట్టంటే ఆయనకి గిట్టేది కాదు. 1973 జులైలో ప్రధాని విట్లమ్ దిగుమతి సుంకాలన్నిటికీ ఒక్క వేటుతో పాతిక శాతం కోత పెట్టాడనీ, ఏడబ్ల్యూఏ, క్రీస్లర్ అంటూ ఇక్కడే తయారయ్యే సెట్లకి అప్పట్నుంచే రోజులు దగ్గరపడ్డాయనీ గొణిగేవాడు. ఆయన "మా రోజుల్లో" అని మొదలుపెడితే టీ చల్లారిపోయేది. ముసలాళ్లకి ఇదేం జబ్బో అనుకునేవాణ్ణి.

నిజం మాట్లాడుకుంటే స్వర్ణయుగం మాది కాదు, మీ అన్నయ్యలది. 2011లో ఇక్కడి డాలరు అమెరికా డాలరుని దాటిపోయి 1.10 దాకా ఎక్కింది. పైగా వెయ్యి డాలర్ల లోపు పార్శిల్‌కి సుంకమూ లేదు, జీఎస్టీ కూడా లేదు. ఇంకేం, ఇంటింటికీ అమెరికా అట్టపెట్టెలే. మా వీధి చివర కుర్రాడొకడు జత స్పీకర్లు వెయ్యి దాటుతున్నాయని విడివిడిగా తెప్పించాడు. ఎడమది ముందొచ్చింది. కుడిది దారిలో ఎక్కడో చిక్కుకుంది. ఆ నెలంతా వాళ్లింట్లో ఇళయరాజా వయొలిన్లు వినపడేవి, ఫ్లూటు పసిఫిక్ సముద్రం మీద ఉండేది. వాళ్లమ్మ పాపం "పాట బాగానే ఉంది గానీ, ఎవరో పక్కగదిలో పాడుతున్నట్టుందేమిట్రా" అనేది.

ఇక్కడి షాపులవాళ్లు ఊరుకుంటారా? 2011 మొదట్లో జెర్రీ హార్వేలాంటి పెద్ద వ్యాపారులు పత్రికల్లో ప్రకటనలు గుప్పించారు, మాకు పడే పన్ను వాళ్లకెందుకు పడదని. జనం తిరిగి వీళ్లనే తిట్టిపోశారు. అదే ఏడాది ప్రొడక్టివిటీ కమిషన్ కూర్చుని లెక్కేసి, న్యాయం సంగతి సరే గానీ, చిన్న పార్శిళ్లన్నిటినీ సరిహద్దులో ఆపి పన్ను వసూలు చెయ్యబోతే, వచ్చే పన్ను కన్నా అయ్యే ఖర్చే ఎక్కువని తేల్చింది. చివరికి ప్రభుత్వం ఆ బరువు అమ్మేవాడి నెత్తిన పెట్టింది. 2018 జులై 1 నుంచి, ఆస్ట్రేలియాకి ఏడాదికి 75,000 డాలర్లో అంతకు మించో అమ్మే విదేశీ వ్యాపారి, ఆన్‌లైన్ అంగడి ఎవరైనా సరే, వెయ్యి లోపు సరుకుకి జీఎస్టీ తామే వసూలు చేసి కట్టాలి. అమెజాన్‌కి కోపమొచ్చి అమెరికా సైటు తలుపు మన మొహం మీద వేసేసింది. నవంబరుకల్లా తెరిచింది. మొహం మీద తలుపేసిన ఇంటికే మళ్లీ పరిగెత్తారు మీరంతా. మేమైతే ఛస్తే వెళ్లేవాళ్లం కాదు. మాకు పౌరుషం ఉండేది. ఇంటర్నెట్ ఉండేది కాదనుకో.

వెయ్యి దాటితే మాత్రం ఇప్పటికీ సరిహద్దు దగ్గరే తేలాలి. నీ ఆంప్లిఫయరే తీసుకో. ధర 2,000 ఆస్ట్రేలియా డాలర్లు, రవాణా, ఇన్సూరెన్సు కలిపి 200 అనుకుందాం. సుంకం కట్టేది 2,000 మీదే, రవాణా ఆ లెక్కలోకి రాదు. జీఎస్టీ రవాణానీ వదలదు, సుంకాన్నీ వదలదు. సుంకం లేని సరుకైతే 2,200 మీద 220. 5 శాతం పడే రకమైతే ముందు 100, ఆపైన 2,300 మీద 230. చూశావా, పన్ను మీద పన్ను! ఇది గాక ప్రాసెసింగ్ చార్జీ. డిక్లరేషను నువ్వే వేసుకోవచ్చు, గుర్తింపు కాగితాలు పట్టుకెళ్లి. నీకు తీరికెక్కడ, బ్రోకరు చేతిలో పోస్తావు. సెకండ్ హ్యాండన్నా వినరు, మావయ్య పంపిన బహుమతన్నా వినరు.

సుంకం అయిదా సున్నానా అన్నది, సరుకు ఏ పద్దు కిందికొస్తుంది, ఎక్కడ తయారైంది అన్నదాన్ని బట్టి. జపానుతో 2015 జనవరిలో, చైనాతో అదే ఏడాది డిసెంబరులో, మన ఇండియాతో 2022 డిసెంబరులో, ఇంగ్లండుతో 2023 మేలో ఒప్పందాలు అమల్లోకొచ్చాయి. కాబట్టి బ్రాండు చూసి మురిసిపోకు, వెనక్కి తిప్పి ఎక్కడ పుట్టిందో చదువు. లండన్ పేరు చెప్పుకునే స్పీకరు చైనాలో పుట్టి ఉండొచ్చు. ఇంకోటి, ఏ కస్టమ్స్ వాడూ నీకు చెప్పడు: జపానులో వాళ్ల వాడకానికి చేసిన సెట్టు 100 వోల్టులది, మన గోడలో ఉన్నది 230. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెట్టావా, పాట రాదు, పొగొస్తుంది. పొగ మీద మాత్రం జీఎస్టీ లేదు.

చేత్తో పట్టుకొచ్చుకుంటానంటావా? పెద్దవాళ్లకి తలకి 900 డాలర్లు, పిల్లలకి 450. ఒకే ఇంటివాళ్లు కలిసి ప్రయాణం చేస్తే కలిపి లెక్కేసుకోవచ్చు. దాటితే దాటిన ముక్కకి కాదు, మొత్తానికి వేస్తారు, అది గుర్తుపెట్టుకో. ఇక్కడ కొని, బయటికెళ్తూ జీఎస్టీ వెనక్కి తీసుకుని, అదే సరుకుతో నవ్వుకుంటూ తిరిగొచ్చే తెలివిగాళ్లకీ ఆ 900 లెక్కే. మన వాళ్ల తీరు మరీ విడ్డూరం. ఆవకాయ సీసా చెప్పాలా వద్దా అని విమానం దిగేదాకా తర్జనభర్జన పడతారు, మెళ్లో వేలాడే వేల డాలర్ల హెడ్‌ఫోన్ సంగతి ఒక్కడికీ గుర్తుండదు. ఇక్కడి ఆఫీసరుకీ మీసం లేదు, "పాడించు" అని అడిగే పాపాన పోడు. చూస్తాడు, లెక్కేస్తాడు, కార్డు మిషన్ ముందుకు తోస్తాడు. పాట లేని పన్ను!

సరే, ఇంత వాగాను గనక ఓ పని చేసిపెట్టు. నా టర్న్‌టేబుల్ సూది అరిగిపోయింది. జపానులో కార్ట్రిడ్జ్ ఒకటి చూసిపెట్టాను, జీఎస్టీ వెయ్యకముందు వెయ్యి లోపే. పన్ను అక్కడే పట్టేసుకుంటారు, డిక్లరేషనూ బ్రోకరూ గోల ఉండదు, అదొక్కటీ బాగుందిలే. కార్డు నాది, ఓటీపీ వస్తే చదివి చెప్తాను. మంగళవారం పొద్దున్న చేరేట్టు చూడు. ఆ పూట మీ నాయనమ్మ గుడికెళ్తుంది.