అలుపెరిగిన మెట్టు

నేను తిరుమల కొండకు పోయే అలిపిరి కాలినడక దారిలో ఒక రాతిమెట్టుని. పాదాల మండపం, తలయేరు గుండు దాటి వచ్చాక, గాలిగోపురం ఇంకా పైనే ఉండగా, మాటలు తగ్గి ఊపిరి చప్పుడు పెరిగే చోట నన్ను పరిచారు. కింది నుంచి కొండ మీది దాకా మేము 3,550 మందిమి. దారి పొడవు సుమారు 9 కిలోమీటర్లు. శ్రీనివాస మంగాపురం వైపు నుంచి వచ్చే శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లున్నాయి. అది దగ్గరి దారి, కానీ నిలువు ఎక్కుడు. మాది దూరం దారి. మట్లి అనంతరాజు ఈ దారిలో మెట్లు, మండపాలు కట్టించాడని పెద్దలు చెప్పుకుంటూ పోతుంటే విన్నాను.

నా పని పాదాలు మోయడం. మనుషుల ముఖాలకన్నా పాదాలే నాకు బాగా తెలుసు. మెట్టు మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించే తల్లులు వంగినప్పుడు వాళ్ళ ఊపిరి నా మీదే పడుతుంది. అందుకే అలుపు సంగతి నన్నడగండి. అలవాటున్న పాదం నిండుగా ఆని, మడమతో నన్ను నొక్కి పైకి లేస్తుంది. అలిసిన పాదం అట్లా కాదు. మునివేళ్ళు మాత్రమే నా అంచు మీద పడతాయి, మడమ గాలిలో వేలాడుతుంది. ఇంకొంచెం అలిస్తే కాలు చాలినంత ఎత్తు లేవక బొటనవేలు నాకు తగులుతుంది. ఆ తర్వాత అరచేయి మోకాలి మీద పడుతుంది. ఆఖరికి మనిషే నా మీద కూర్చుంటాడు.

మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1974లో. ఆ మొదటి రోడ్డుకు ముందు కొండకు రావాలంటే నడకో డోలీయో తప్ప వేరే దారి లేదు. పలమనేరు, పుంగనూరు దిక్కు పల్లెల నుంచి వచ్చినవాళ్ళవి నాగలి వెంట, మేకల వెంట తిరిగిన కాళ్ళు. అవీ అలిసేవి. అయితే వాళ్ళు మండపంలో మూట దించి, ఉన్నది తిని, ఒక కునుకు తీసి మళ్ళీ బయలుదేరేవాళ్ళు. కూర్చున్నందుకు ఎవరూ సిగ్గుపడేవాళ్ళు కాదు.

ఈ మధ్య ఇంకో రకం పాదాలు వస్తున్నాయి. ఇవి దర్శనానికి పోయేవి కావు. చీకటితో లేచి, కొన్ని వందల మెట్లెక్కి, దిగి ఇంటికి పోయే ఊరివాళ్ళవి. షుగరు, బీపీ, బరువు, మోకాళ్ళు అంటూ వస్తారు. వాళ్ళంటే నాకు చాలా ఇష్టం. రోజంతా కూర్చునే బతుకులో ఒంటిని కాపాడుకుందామని పొద్దున్నే వచ్చే మనిషి ఎంతో కొంత ధైర్యం చేసినట్టే. వాళ్ళలో తిరుపతి కొర్లగుంట నుంచి వచ్చే ఒకమ్మ గురించి మీకు చెప్పాలి.

ఆమె ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. తొక్కీ తొక్కీ కుడికాలి మునివేళ్ళ కింద చర్మం గట్టిపడిపోయింది. ఎడమకాలిది మెత్తన. వందల పాదాల మధ్యలో కూడా ఆ జత నాకు తెలిసిపోతుంది. షుగరు వచ్చేట్టుంది, నడవమని చెప్పారట. పెరటాసి నెలలో మొక్కుకుని మొదలుపెట్టింది. మొదట్లో ఆ పాదాలు ఎంత హుషారుగా పడేవో! ఏ రోజుకారోజు ఇంకొన్ని మెట్లు పైకి పోయేది. శనివారాలు ఒక్కపొద్దు ఉంటూ కూడా మానలేదు. నెల తిరిగేసరికి బొటనవేలు నాకు తగలడం మొదలైంది. ఒకనాడు నా మీదే కూలబడింది. తోడు వచ్చిన పిల్ల అడిగింది.

“ఏంక్కా, ఈడే కూచున్నావు?”

“ఏమో మే. నడిస్తే వొంట్లో చురుకు వస్తాదంటిరి. నాకు చూడు, పొద్దన లేస్తానే కాళ్ళు గుంజతా ఉండాయి. మద్దేనం మిషన్ మీదే తల వాలిపోతా ఉండాది. రాత్రయితే నిద్దర పట్టదు.”

“నాలుగు దినాలు మానెయ్ కా.”

“మానేస్తే మళ్ళా వస్తానా? మొక్కుకోని మొదలుపెట్టినాను మే. అలుపని ఆగిపోతే దేవుని కాడ మాట పోతాది.”

ఆ మాట నన్ను బాధపెట్టింది. ఎందుకంటే ఈ దారి కథల్లోకెల్లా పేరున్న కథ అలిసిపోయిన ఒక పిల్లవాడిదే. తాళ్ళపాక అన్నమయ్య చిన్నవయసులో ఇల్లు విడిచి, కొండకు పోయే యాత్రికుల గుంపులో కలిసి ఈ కొండ ఎక్కాడు. పైన మోకాళ్ళ పర్వతం చేరేసరికి ఆకలితో, అలసటతో ఇంక అడుగు పడక ఒక వెదురు పొద దగ్గర ఒరిగిపోయాడు. ఈ సంగతి ఆయన మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన ‘అన్నమాచార్య చరిత్రము’లో ఉంది. అలమేలుమంగ తల్లి పెద్దముత్తయిదువలా వచ్చి, ఇది సాలగ్రామ పర్వతం నాయనా, చెప్పులు విడిచి ఎక్కమని చెప్పిందట. చెప్పి ఊరుకోలేదు, ప్రసాదం తినిపించింది. తేరుకున్న పిల్లవాడు అక్కడే ఆ తల్లి మీద శతకం చెప్పాడంటారు. భక్తి తక్కువై ఆ పిల్లవాడు ఆగలేదు, ఆకలేసి ఆగాడు. ఆ తల్లి కూడా అలిసినందుకు కోప్పడలేదు, ముందు అన్నం పెట్టింది. భజన బృందాల నోట ఈ కథ ఎన్నిసార్లు విన్నానో. కొర్లగుంట అమ్మ కూడా వినే ఉంటుంది. తనకూ వర్తిస్తుందని మాత్రం అనుకోలేదు.

అంతలో వైద్యం చదివే పిల్లలతో ఎక్కుతున్న ఒక డాక్టరమ్మ ఆమెను చూసి ఆగింది. నీళ్ళ సీసా చేతికిచ్చి పక్కనే కూర్చుంది.

“రాత్రి ఎన్నింటికి పడుకుంటారమ్మా?”

“దీపావళి ముందర గదమ్మా, గిరాకీ ఎక్కువ. పన్నెండవతాది. మళ్ళా నాలుగుకంతా లేస్తాను.”

“ఏమైనా తిని వస్తారా?”

“తినేసి దేవుని మెట్లు తొక్కుతామా తల్లీ? గుక్కెడు కాఫీ, అంతే. ఇంటికి పొయ్యి, పిల్లోళ్ళను పంపిచ్చి, ఆయనకు క్యారియరు కట్టి, పదకొండుకు ఇంత సంగటి.”

“నెలసరి ఎక్కువగా అవుతోందా?”

ఆమె గొంతు తగ్గించింది. “రొండేండ్లుగా ఎక్కువేనమ్మా. అందురికీ అంతే కదా అనుకున్నా.”

“అందరికీ అంతే కాదమ్మా. మీకు అలుపు రావడానికి మూడు కారణాలు ఇప్పుడు మీ నోటితోనే చెప్పారు. ఇందులో మీ తప్పేమీ లేదు.”

తర్వాత ఆ డాక్టరమ్మ చెప్పినవి నేను జాగ్రత్తగా విన్నాను. కొత్తగా కష్టం మొదలుపెట్టినప్పుడు కండరాల పోగుల్లో కంటికి కనపడనంత చిన్న చిన్న దెబ్బలు తగులుతాయట. ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే ఎక్కువ. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ సాగుతూనే ఒంటి బరువును ఆపాలి కదా. అందుకే నొప్పి ఆ రోజుకన్నా మరుసటి రోజు, ఆ పైరోజు పెరిగి, తర్వాత తగ్గుతుంది. కండరంలో దాచుకున్న చక్కెర కూడా ఖర్చవుతుంది. బాగా ఖర్చయితే, సరిగ్గా తిన్నా అది మళ్ళీ నిండడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఈ మరమ్మతు అంతా తిండితో, నిద్రతో జరగాల్సిన పని. ఈ అమ్మ పడుకునేది నాలుగు గంటలు, పెద్దవాళ్ళకు కావలసింది కనీసం ఏడు. తినేది పదకొండింటికి. మరమ్మతు పూర్తికాకుండానే మళ్ళీ మెట్లెక్కుతోంది, అదీ నిన్నటికన్నా ఎక్కువ.

నాకు ఇది వెంటనే అర్థమైంది. ఈ దారి బాగుచేసిన రోజుల్లో మేస్త్రీలు సిమెంటు పూసి తాపీ పక్కన పెట్టాక, తడిపిన గోనెపట్టా కప్పి ఎవరినీ తొక్కనిచ్చేవాళ్ళు కాదు. సిమెంటు గట్టిపడేది తాపీ ఆడుతున్నప్పుడు కాదు, దాని మానాన దాన్ని వదిలేశాకే. ఒళ్ళూ అంతే. నా మీద కాలు పెట్టినప్పుడు మీకు బలం రాదు. బలం కావాలని ఒంటికి కబురు మాత్రం అందుతుంది. అది తయారయ్యేది మీరు ఇంట్లో తిని పడుకున్నప్పుడు.

చదువుకునే పిల్లలకు డాక్టరమ్మ ఇంకో సంగతి చెప్పింది. 2008లో అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయం వాళ్ళు, వ్యాయామం అలవాటు లేకుండా ఎప్పుడూ నీరసంగా ఉంటోందనే యువతీ యువకులను ఎంచుకున్నారు. వాళ్ళ చేత వారానికి 3 సార్లు, 20 నిమిషాల చొప్పున, 6 వారాలు సైకిలు తొక్కించారు. ఓ మోస్తరు జోరుతో తొక్కినవాళ్ళకు అలసట 49 శాతం తగ్గింది. మెల్లగా తొక్కినవాళ్ళకు 65 శాతం తగ్గింది. అలుపు పోవడానికి నడక మంచి మందే. కాకపోతే మోతాదు చూసుకోవాలి. పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. రోజూ ప్రాణం మీదికి తెచ్చుకోమని ఎవరూ చెప్పలేదు.

మోతాదు తెలియడానికి గడియారం అక్కర్లేదంది డాక్టరమ్మ. ఎక్కుతూ పక్కమనిషితో మాట్లాడగలగాలి. మా దారిలో దానికి చక్కటి కొలత ఉంది. ‘ఏడుకొండలవాడా వెంకటరమణా గోవిందా గోవిందా’ అని మధ్యలో తెగకుండా అనగలిగితే మీ వేగం సరిపోయినట్టు. మధ్యలో ఊపిరి తెగితే నిదానించండి.

ఇక మూడో కారణం, నెలసరిలో పోయే రక్తం సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. నా మీద పడే ఆడవాళ్ళ పాదాల్లో సగానికి పైగా అన్నమాట. రక్తం తక్కువైతే ఎంత గట్టిగా ఊపిరి పీల్చినా కండరానికి చేరే ప్రాణవాయువు చాలదు. కొర్లగుంట అమ్మ కూర్చుని మిషన్ తొక్కినన్నాళ్ళు ఆ లోటు బయటపడలేదు. మెట్లెక్కేసరికి బయటపడింది. థైరాయిడ్ మందగించినా, బి12 తగ్గినా, షుగరు అదుపు తప్పినా, మనసు కుంగినా ఇట్లాగే ఉంటుందట. వీటిలో ఏదీ పట్టుదలతో పోయేది కాదు. పరీక్షతో, మందుతో పోతుంది.

పట్టుదల ఎక్కువై దెబ్బతిన్నవాళ్ళను కూడా చూశాను. పోలీసు ఉద్యోగం కోసం తయారయ్యే పిల్లలు 1,600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలని గ్రౌండులో పరుగులు తీసి, అది చాలదని ఇక్కడికొచ్చి మెట్లు కూడా ఎక్కుతారు. రక్తం బాగానే ఉంటుంది, వయసూ ఉంటుంది. అయినా కొన్నాళ్ళకు తిండి సయించదు, ఊరికే చిరాకు పడతారు, పొద్దున పడక మీదే నాడి మామూలుకన్నా వేగంగా కొట్టుకుంటుంది, పరుగు వేగం తగ్గుతుంది. తగ్గిందని ఇంకా పరిగెత్తుతారు. ఆ పిల్లలను పట్టుకుని ఆపడానికి నాకు చేతులు లేవే అనిపిస్తుంది. ఆ స్థితిలో వాళ్ళకు కావలసింది తగినన్ని రోజుల విశ్రాంతి, కడుపునిండా అన్నం.

కొర్లగుంట అమ్మ ఆ తర్వాత చాలా రోజులు రాలేదు. వచ్చిన రోజున తోడుపిల్లతో చెప్పుకుంటుంటే విన్నాను. రుయా ఆసుపత్రిలో రక్తం చూశారట. పన్నెండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ తొమ్మిది దగ్గరుందట. నెలసరికి వేరే వైద్యం మొదలైంది, ఐరన్ మాత్రలు ఇచ్చారు. రక్తం పెరిగాక కూడా నిల్వలు నిండడానికి ఇంకో మూడు నెలలు వేసుకోమన్నారట. మాత్ర వేసుకునే వేళకు కాఫీ తాగొద్దని, తిండిలో నిమ్మకాయో ఉసిరికాయో ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుందని కూడా చెప్పారు.

“ఇప్పుడు లేస్తానే గ్లాసుడు రాగిజావ తాగి వస్తా ఉండా మే. దినం మార్చి దినం వస్తాను. ఆ మండపం దాకానే. పదికంతా మిషన్ మూసేస్తా ఉండాను. గుడ్డలు ఒకదినం లేటయితే ఏమవతాది?”

“మరి మొక్కుబడి కా?”

“అలమేలుమంగమ్మ అన్నమయ్యకే తినిపిచ్చింది గదా మే. నన్ను పస్తుతో ఎక్కమంటాదా?”

ఇప్పుడు ఆమె పాదం నా మీద నిండుగా పడుతోంది, కుడిదీ ఎడమదీ.

ఎక్కేవాళ్ళందరికీ నేను చెప్పదలుచుకున్నది ఒకటే. కొత్తలో రెండు మూడు వారాలు అలుపు సహజం. ఆ తర్వాత కూడా పొద్దున లేవగానే నీరసంగా ఉంటే, ముందు మెట్లు తగ్గించండి, నిద్ర పెంచండి, తిని రండి. అప్పటికీ తగ్గకపోతే రక్తపరీక్ష చేయించుకోండి. గుండెలో బరువు, కూర్చున్నా తగ్గని ఆయాసం, కళ్ళు తిరగడం, మూత్రం కాఫీ రంగులో రావడం లాంటివి కనిపిస్తే మాత్రం ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. ఆగినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. నేను ఎక్కడికీ పోను. ఒళ్ళు బరువుగా ఉంటే రేపు రావద్దు, ఎల్లుండి రండి.