పేరుకు పట్టా

ఒకరి సరుకును మరొకరి సరుకు నుంచి వేరుగా గుర్తుపట్టడానికి వాడే పేరు, బొమ్మ, అక్షరాల పొందిక ట్రేడ్‌మార్క్. దాన్ని ప్రభుత్వ రిజిస్టరుకు ఎక్కించడం ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్. మన దేశంలో దీనికి ఆధారం 1999 నాటి చట్టం, అమలైంది 2003లో. రిజిస్ట్రేషన్ చేయిస్తే చాలు, బ్రాండుకు గుర్తింపు దానంతటదే వస్తుందని ఏజెంట్లు చెబుతారు. చట్టం మాత్రం అంత మాట ఎక్కడా అనలేదు.

ఈ శాస్త్రాన్ని పరిశీలించడానికి కృష్ణగిరి జిల్లా బర్గూరు అనువైన చోటు. టోకు బట్టల కొట్లు వరుసగా ఉండే ఈ ఊరిని తమిళనాడులో చిన్న సూరత్ అంటారు. అసలు సూరత్ నుంచి లారీ దిగిన ఒకే రకం చీర పక్కపక్క కొట్లలో రెండు పేర్లతో అమ్ముడవుతుంది. తేడా అంతా చేతికిచ్చే పసుపు సంచి మీదే. సగటు సంచి మీద పైన దేవుడి పేరు, దాని వెంట ‘సిల్క్స్’ ఉంటాయి. లోపలిది పాలిస్టర్ అయినా ఆ మాట మారదు. కింద ‘మాకు వేరే బ్రాంచీలు లేవు’ అని హెచ్చరిక, మూలన గుండ్రటి గీతలో ఆర్ అక్షరం ఉంటాయి. టీఎం అన్న అక్షరాలు ఎవరైనా వేసుకోవచ్చు. ఆ గుండ్రటి ఆర్ మాత్రం సర్టిఫికెట్ వచ్చాకే వేయాలి, ముందే వేస్తే చట్టరీత్యా తప్పు. ప్రింటింగ్ ప్రెస్సులో రెండింటి రేటూ ఒకటే కాబట్టి చాలామంది పెద్దదాన్నే ఎంచుకుంటారు.

అన్ని పేర్లూ రిజిస్టరుకు ఎక్కవు. ‘రామాయణ్’ పేరును అగరుబత్తులకు సొంతం చేసుకోబోయిన వ్యాపారికి, పవిత్ర గ్రంథం పేరు ఒక్కరి సొత్తు కాదని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. సరుకు ఎక్కడిదో చెప్పే ఊరి పేరు ఒక్కటే పెట్టుకున్నా చట్టం తొమ్మిదో సెక్షన్ అడ్డుపడుతుంది. ఇదీ మంచికే. పంచెల కొట్టు ఒకటి బర్గూరు పేరంతా తనదేనంటే, ఈరోడు జిల్లాలో అదే పేరున్న కొండల మీది బర్గూరు జాతి ఎద్దులకు కూడా నోటీసులు పంపాల్సివచ్చేది.

సరుకులను, సేవలను చట్టం 45 తరగతులుగా విభజించింది. దారం 23, థాను గుడ్డ 24, కుట్టిన చొక్కా 25, గుండీలు, లేసులు 26, వాటినన్నిటినీ అమ్మే కొట్టు 35. తరగతికో ఫీజు. ఆన్‌లైన్‌లో అయితే వ్యక్తులకు, చిన్న సంస్థలకు 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. దారం చొక్కాగా మారి గల్లాపెట్టె దగ్గరికి వచ్చేలోగా చిన్న వ్యాపారికి కూడా 22,500 రూపాయలు అవుతుంది. చొక్కా నాణ్యతకు తరగతి లేదు, కాబట్టి దానికి ఖర్చూ లేదు.

బర్గూరు దరఖాస్తు చెన్నై రిజిస్ట్రీకి వెళుతుంది. పరిశీలకుడు అభ్యంతరం చెబితే 30 రోజుల్లో జవాబివ్వాలి. అది గట్టెక్కాక పేరు ట్రేడ్‌మార్క్ జర్నల్లో అచ్చవుతుంది. ఇతరులు వద్దనడానికి నాలుగు నెలల గడువు. ఎవరూ అనకపోతే సర్టిఫికెట్. దాన్ని ఫ్రేము కట్టించి దేవుడి పటం పక్కన తగిలించడం చట్టంలో లేదు, ఆచారంలో ఉంది. పటం కాపలా కాయదు. పేరు ఎవరు ఎత్తుకుపోయినా యజమానే కనిపెట్టాలి, యజమానే వకీలును పెట్టుకోవాలి, వాయిదాలకు యజమానే తిరగాలి.

తిరిగాక తేలేదేమిటంటే, సర్టిఫికెట్ కంటే వాడకానిదే పైచేయి. తిరునెల్వేలిలో దీపం సరిగా లేని ఒక హల్వా కొట్టును జనమే ‘ఇరుట్టు కడై’, అంటే చీకటి కొట్టు, అని పిలిచారు. మరొకరు ఆ పేరుకు ముందు ‘రాజా’ చేర్చి రిజిస్టరు చేయించారు. ఇద్దరి దగ్గరా సర్టిఫికెట్లున్నాయి. ఆ పేరును ముందునుంచీ వాడుతున్నవారి హక్కే గొప్పదని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది. బెంగళూరు అగరుబత్తి వ్యాపారి ‘ఈనాడు’ పేరు వాడుకుంటే, ఆంధ్రప్రదేశ్‌లో ఆ పేరు 1974 నుంచి వస్తున్న పత్రికదేనని జనం ఎరుగుదురు గనుక అక్కడ వాడవద్దని 2011లో అదే కోర్టు అంది. 2018లో మాత్రం కర్ణాటక పాల సమాఖ్య ‘నందిని’, ఆంధ్ర భోజనం పెట్టే ‘నందిని డీలక్స్’ రెండూ బతకవచ్చని తీర్పిచ్చింది. పాలపదార్థాల జోలికి హోటలు పోకూడదని మాత్రం షరతు. మూడు తీర్పుల్లోనూ కోర్టు చూసింది కొనేవాళ్ల మనసులో ఆ పేరు దేనికి గుర్తు అన్నదే.

గుర్తు దక్కినంత మాత్రాన గిరాకీ దక్కదనడానికి బర్గూరులోనే పెద్ద రుజువుంది. ఎంజీఆర్ చనిపోయాక ఆయన పార్టీ అన్నాడీఎంకే చీలితే 1989 ఎన్నికల్లో రెండాకుల గుర్తు ఎవరికీ దక్కలేదు. జయలలిత వర్గం కోడిపుంజుతో, ఎదుటి వర్గం పావురాలతో బరిలోకి దిగాయి. పార్టీ కలిశాక రెండాకులు తిరిగొచ్చాయి. 1991లో జయలలిత అదే గుర్తుతో బర్గూరులో గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. 1996లో అదే ఊరు, అదే అభ్యర్థి, అదే గుర్తు. డీఎంకే అభ్యర్థి సుగవనం చేతిలో ఎనిమిది వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. గుర్తును నకలు కొట్టినవారెవరూ లేరు. ఐదేళ్లు సరుకు వాడి చూసినవాళ్లు మనసు మార్చుకున్నారు, అంతే.

రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది. ఆపైన పదేళ్లకోసారి తరగతికి 9,000 చొప్పున కట్టి పొడిగించుకోవాలి. కడుతూ ఉంటే ఎన్ని తరాలైనా నిలుస్తుంది. ఐదేళ్ల మూడు నెలలు వాడకుండా వదిలేస్తే మాత్రం సంబంధం ఉన్నవారు అర్జీ పెట్టి కొట్టివేయించవచ్చు. చీర రంగు వెలిసినవాళ్లు అంతకాలం ఆగరు, అర్జీ పెట్టరు, నోటీసు ఇవ్వరు. పక్క కొట్టుకు పోతారు.