స్క్రిప్టులరాయుడు

ఇంటర్నెట్‌లో చిల్లర పనులు చేసి డాలర్లు కూడబెట్టేవారిలో స్క్రిప్టులరాయుడిది ప్రత్యేకమైన రకం. పని కన్నా పనిముట్ల మీద ప్రేమ ఎక్కువగా ఉండటం ఇతని ప్రధాన లక్షణం. రెండు సెంట్ల పనిని మూడు సెకన్లు ముందుగా పట్టుకోవడానికి మూడు రాత్రులు మేలుకోగలడు. పట్టుకున్నాక ఆ పని చెయ్యడం మాత్రం ఇతనికి కాస్త విసుగు.

ఇతడు ఎక్కువగా కనిపించే చోటు అమెజాన్ వారి మెకానికల్ టర్క్. 2005 నవంబరులో మొదలైన ఈ సంతలో కంప్యూటరుకు చేతకాని పనులను ముక్కలు చేసి మనుషులకు పంచుతారు. రసీదు చూసి మొత్తం టైపు చెయ్యాలి, ఫొటోలో కుక్క ఉందో లేదో చెప్పాలి, విశ్వవిద్యాలయం వారి సర్వే నింపాలి. ఒక్కో ముక్కను హిట్ అంటారు. కూలి ఒక సెంటు దగ్గర మొదలవుతుంది. పని ఇచ్చేవాడు రిక్వెస్టరు, చేసేవాడు టర్కరు. 1770లో వియన్నా రాజాస్థానంలో కెంపెలెన్ అనే ఆయన చదరంగం ఆడే యంత్రమంటూ ఒక తలపాగా బొమ్మను చూపించి, లోపల మనిషిని కూర్చోబెట్టాడు. సైటుకు ఆ పేరు అక్కణ్ణుంచే వచ్చింది. యంత్రం లోపల దాక్కున్న మనిషి తన సాయానికి మళ్లీ ఒక యంత్రాన్ని పిలుచుకుంటే, ఆ మనిషే రాయుడు.

ఇతని మొదటి అడుగులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. మంచి హిట్లు క్షణాల్లో మాయమవుతాయి, వచ్చినప్పుడు సైటు పిలిచి చెప్పదు. రిక్వెస్టరు డబ్బు సరిగా ఇస్తాడా, చేసిన పనిని కారణం చెప్పకుండా తిరగ్గొడతాడా అన్నది పేజీని చూస్తే తెలియదు. ఈ లోటు తీర్చడానికే లిలీ ఇరానీ, సిక్స్ సిల్బర్‌మన్ కలిసి టర్కాప్టికాన్ తయారుచేశారు. రిక్వెస్టర్లకు టర్కర్లు ఇచ్చిన మార్కులు హిట్ పక్కనే కనిపించేలా చేసిన ఈ పరికరం ఎందరి కష్టాన్నో దోపిడీ కాకుండా కాపాడింది. హిట్లను వెతికే స్క్రిప్టులు, వచ్చిన హిట్‌ను చటుక్కున అంగీకరించే స్క్రిప్టులు, రోజు సంపాదన లెక్కగట్టే స్క్రిప్టులు అన్నీ ఇలాంటి నిజమైన అవసరాల్లోంచే పుట్టాయి. టర్కరు అక్కరకు రెండు మూడు పెట్టుకుని పనిలో పడతాడు. రాయుడు నాలుగోదానికి వెళతాడు.

యూజర్ స్క్రిప్ట్ అంటే బ్రౌజరులో ఒక పేజీ తెరుచుకున్నప్పుడు దాని మీద నడిచే చిన్న జావాస్క్రిప్టు ముక్క. అది పేజీకి కొత్త బటన్లు తగిలించగలదు, ఉన్నవాటిని దాచగలదు, రంగులు మార్చగలదు. అది నడవాలంటే ముందు బ్రౌజరులో ఒక మేనేజరు ఎక్స్‌టెన్షన్ ఉండాలి. 2004 చివర్లో ఆరన్ బూడ్‌మన్ ఫైర్‌ఫాక్స్ కోసం గ్రీజ్‌మంకీ తెచ్చాడు, 2010లో క్రోమ్ కోసం టాంపర్‌మంకీ వచ్చింది, ఆ తర్వాత వయొలెంట్‌మంకీ. ఈ వంశంలో అందరూ కోతులే. కోతిపుండు బ్రహ్మరాక్షసి అన్న సామెత ఈ సాఫ్ట్‌వేరు పుట్టడానికి చాలా ముందే వాడుకలో ఉన్నా, రాయుడు ఈ కోతులతో గడిపే సాయంత్రాలకు దానికి మించిన వర్ణన లేదు.

స్క్రిప్టు వెయ్యడం తేలిక. గ్రీజీ ఫోర్క్ వంటి చోట దొరికిన స్క్రిప్టు లింకు నొక్కితే మేనేజరు ఒక పేజీ తెరిచి కోడు మొత్తం చూపిస్తుంది, పైన ఇన్‌స్టాల్ అన్న బటన్ ఉంటుంది. ఆ కోడు అక్కడ పెట్టింది చదవడానికే. రాయుడు దాన్ని పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి జరిపి చూస్తాడు. తన లెక్కలో చదవడమంటే ఇదే. కోడు మొదట్లో ఉండే నాలుగు గీతల్లోనే అసలు సంగతంతా ఉంటుంది: పేరు, వెర్షన్ నంబరు, ఏ చిరునామాల మీద నడుస్తుందో చెప్పే మ్యాచ్ గీత, ఏ అధికారాలు కోరుతోందో చెప్పే గ్రాంట్ గీత. మ్యాచ్ గీతలో సైటు పేరు ఉండాల్సిన చోట నక్షత్రం గుర్తు ఉందంటే ఆ స్క్రిప్టు ప్రతి పేజీ మీదా నడుస్తుంది. అందులో మెయిలుంటుంది, బ్యాంకు పేజీ కూడా ఉంటుంది. తెలియనివాళ్ల ఫోనుకు ఓటీపీ చెప్పవద్దని ఇంట్లో పెద్దవాళ్లకు రోజూ బోధించే రాయుడు ఈ నక్షత్రాన్ని చూసి, అన్నిచోట్లా పనిచేస్తుందట అని మురిసిపోతాడు.

ఈమధ్య క్రోమ్ జాగ్రత్త పెంచింది. ఎక్స్‌టెన్షన్ పేజీలో డెవలపర్ మోడ్‌గానీ, కొత్త వెర్షన్లలో యూజర్ స్క్రిప్టులకు అనుమతినిచ్చే మీటగానీ నొక్కితే తప్ప స్క్రిప్టులు కదలవు. ఆ మీట సంగతి తెలిసేలోగా రాయుడు టాంపర్‌మంకీని తీసేసి, మళ్లీ పెట్టి, బ్రౌజరు మార్చి, విండోస్ మీద కూడా అనుమానపడి ఉంటాడు.

నిర్వహణలోకి దిగాకే ఇతని అసలు స్వరూపం బయటపడుతుంది. మేనేజరు గుర్తు మీద ఆ పేజీలో ఎన్ని స్క్రిప్టులు నడుస్తున్నాయో చెప్పే అంకె ఉంటుంది. తెలిసినవాడు అది తగ్గాలని చూస్తాడు, రాయుడికి అది హోదా. ఒక స్క్రిప్టు హిట్ పేరు పక్కన బటన్ పెడుతుంది, ఇంకొకటి సరిగ్గా అక్కడే మరో బటన్ పెడుతుంది, మూడోది ఆ వరుసనే దాచేస్తుంది. పేజీ పాడైనప్పుడు చెయ్యవలసింది డాష్‌బోర్డులో అన్నీ ఆపి ఒక్కొక్కటిగా వెలిగించడం. అలా చేస్తే దోషి పావుగంటలో దొరుకుతాడు. అంత ఓపికలేని రాయుడు, ఈ గొడవను సర్దే స్క్రిప్టు ఎక్కడైనా ఉందేమోనని వెతుకుతాడు. వేరొకరి స్క్రిప్టులో తనకు నచ్చిన రంగు చేర్చుకోవడం ఇతనికి అలవాటు. వారం తిరక్కుండా అసలు రచయిత కొత్త వెర్షన్ వదులుతాడు, అది వచ్చి ఆ మార్పులను తుడిచిపెట్టేస్తుంది. ఆ స్క్రిప్టు సెట్టింగుల్లో అప్‌డేట్ ఆపుకునే టిక్కు ఉందన్నది ప్రతిసారీ తుడిచిపెట్టుకుపోయాకే గుర్తొస్తుంది.

2017 ఈ జాతికి గ్రహణ సంవత్సరం. టర్కర్ల పేజీలన్నీ కొత్త చిరునామాకు మారాయి. పాత చిరునామాతో మ్యాచ్ గీత రాసుకున్న స్క్రిప్టులన్నీ ఎక్కడివక్కడే నిలబడిపోయాయి. అదే ఏడాది నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 రావడంతో గ్రీజ్‌మంకీ నాలుగో వెర్షన్ పాత ఆదేశాల తీరు మార్చేసింది. మామూలు టర్కర్లు చేత్తో క్లిక్కులు కొట్టుకుంటూ ఎలాగో గడిపారు. హిట్‌ను చేత్తో అంగీకరించవచ్చన్న విషయం రాయుడికి అప్పుడు కొత్తగా తెలిసింది.

భారతదేశపు రాయుడికి అదనపు చిక్కులున్నాయి. 2010లో పానోస్ ఇపైరోటిస్ జరిపిన సర్వేలో టర్కర్లలో దాదాపు సగం మంది అమెరికావాళ్లు, మూడోవంతు భారతీయులు అని తేలింది. పని ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది మాత్రం అమెరికాలోనే ఉంటారు. పసిఫిక్ తీరంలో ఉదయం 9 గంటలైతే మనకు వేసవిలో రాత్రి 9:30, చలికాలంలో 10:30. గుంటూరులోనో ఖమ్మంలోనో కంచం తీశాక ఇతని పగలు మొదలవుతుంది. హిట్ దొరికినప్పుడల్లా గంట కొట్టే స్క్రిప్టు ఒకటి, డబ్బు ఎక్కువైతే ఈల వేసేది ఒకటి ఉంటాయి కాబట్టి ఇంట్లో మిగిలినవాళ్లకు ఆ రోజు మార్కెట్టు ఎలా ఉందో నిద్రలోనే తెలుస్తుంది. చాలా హిట్లకు అమెరికాలో ఉండాలన్న షరతు ఉంటుంది. అవి కంటికి కనబడకుండా దాచే స్క్రిప్టు వేశాక పేజీ దాదాపు ఖాళీ అవుతుంది. పేజీ ఎంత వేగంగా తెరుచుకుంటోందో అని రాయుడు సంతోషిస్తాడు.

స్క్రిప్టులన్నిటిలో ఇతనికి ప్రాణం పాండా. ఒక హిట్ గుర్తింపు సంఖ్య ఇచ్చి వదిలితే అది సైటు తలుపును ఆగకుండా తడుతూ, హిట్ పడగానే పట్టుకొస్తుంది. ఒక పాండా ఉంటే మేలే. రాయుడు ముప్ఫైని వదులుతాడు. సైటు ఓపికకు హద్దుంది కాబట్టి పేజీలను మితిమీరి అడుగుతున్నారన్న హెచ్చరిక వస్తుంది. అప్పుడు పాండాలతో పాటు, చేతిలో ఉన్న హిట్ పేజీ కూడా తెరుచుకోదు. ఒక్కోసారి పాండాలు నిజంగానే గెలుస్తాయి. ఒకరి వరుసలో 25 హిట్లకు మించి నిలవవు కనుక, రాయుడు చాయ్ తాగి వచ్చేసరికి రసీదుల బ్యాచి నుంచి 25 వచ్చి కూర్చుంటాయి, ఒక్కోదానికీ గడియారం తిరుగుతూ ఉంటుంది. చెయ్యలేనివి తిరిగి ఇచ్చేస్తే, పంపిన పనిలో ఎంత ఆమోదం పొందిందో చెప్పే అప్రూవల్ శాతానికి నష్టం లేదు. కంగారులో తప్పులతో నింపి పంపితేనే రిజెక్షన్లు పడతాయి, 99 శాతం అడిగే రిక్వెస్టర్ల తలుపులు మూసుకుంటాయి. ఇచ్చెయ్యడం ఇతని ఆత్మగౌరవానికి కష్టం.

ఇతని పక్షాన ఒక మాట చెప్పాలి: హిట్లను మనిషి బదులు తానే నింపేసే బాటును ఇతడు ముట్టుకోడు. సైటు నియమాలు దాన్ని ఒప్పుకోవు, దొరికితే ఖాతా పోతుంది. పైగా అలాంటిది ఉంటే పని కూడా అయిపోతుంది, తర్వాత సర్దుకోవడానికి ఏమీ మిగలదు.

కొత్తవాళ్ల పట్ల రాయుడు మహా ఉదారుడు. పక్కవీధి కుర్రాడు నెలకు ఎంత వస్తుందని అడిగితే, తన స్క్రిప్టులన్నీ జిప్ ఫైలుగా ఎగుమతి చేసి పెన్‌డ్రైవులో పెట్టి ఇస్తాడు. జవాబు మాత్రం ఇవ్వడు. ఆ కుర్రాడు అందులోంచి ఒక్కటి వాడుకుని నెలాఖరుకు ఇతని కన్నా ఎక్కువ సంపాదిస్తే, స్క్రిప్టు బలం అని చెప్పుకుంటాడు.

ముదిరిన దశలో రాయుడు స్వయంగా రచయిత అవుతాడు. ఇద్దరు ముగ్గురి కోడులోంచి ముక్కలు తెచ్చి, పేరు మార్చి, వెర్షన్ 0.1 అని గ్రీజీ ఫోర్క్‌లో పెడతాడు. నాలుగు రోజులకు బ్రెజిల్ నుంచో పోలండ్ నుంచో ఎవరో దాన్ని వేసుకుని, బటన్ కనబడటం లేదని రాస్తారు. దాన్ని సరిచేసేదాకా ఆ వారం హిట్లకు సెలవు.