బెంజి కొన్న కామర్స్ సారు

జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పి బతికినవాణ్ని. తరుగుదల అధ్యాయం అంటే నాకు మహా ఇష్టం. స్థిర వాయిదాల పద్ధతికీ, తగ్గుతున్న నిల్వల పద్ధతికీ తేడా నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అలాంటివాణ్ని, పదేళ్లు నిండబోతున్న ఎస్-క్లాస్ బెంజిని 11 లక్షలు పోసి ఢిల్లీ నుంచి హనుమకొండకు తెచ్చుకున్నాను. తెలియక చేసుంటే ఎవరైనా అయ్యో పాపం అనేవాళ్లేమో. నేను లెక్క వేసుకుని మరీ చేశాను.

ఆ లెక్క కూడా చెబుతాను. 2011 మోడల్ ఎస్ 350 సీడీఐ కొత్తలో కోటికి అటూ ఇటూ. ఆదాయపు పన్ను వాళ్లు వ్యాపారంలో వాడే సొంత కారుకు ఇచ్చే తరుగుదల ఏడాదికి 15 శాతం, తగ్గుతున్న నిల్వ మీద. కోటి మీద పదేళ్లు వరసగా వేసుకుంటూ పోతే ఇంకా 19 లక్షల 68 వేల చిల్లర మిగులుతుంది. అమ్మేవాడు అడిగింది 12. అంటే పుస్తక విలువ కన్నా ఏడున్నర లక్షలు తక్కువకే వస్తోంది! స్టాఫ్ రూములో ప్రశ్నపత్రం వెనకవైపు ఈ అంకె వేసి, కింద రెండు గీతలు గీశాను. లెక్కలో తప్పు లేదు, ఇప్పుడు చూసినా లేదు.

అంత చవగ్గా ఎందుకిస్తున్నాడని నా లోపల ఎవరో అడగకపోలేదు. దానికీ జవాబు తయారుగా ఉంది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగకూడదని హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది, 2018లో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. అందుకని గడువు దగ్గరపడ్డ కార్లన్నీ ఎన్‌ఓసీ పుచ్చుకుని మిగతా రాష్ట్రాలకు దిగుతుండేవి. చవక చట్టం వల్లే గానీ బండి వల్ల కాదని నన్ను నేను ఒప్పించుకున్నాను. అది సగం నిజం. ఏడాదిలో ఊరు విడిచిపోయే బండికి దాని యజమాని ఆఖరి రెండేళ్లూ రూపాయి ఖర్చుపెట్టడన్న మిగతా సగం నాకు తట్టలేదు. తట్టనివ్వలేదు అనడం న్యాయం.

కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లాను. వెంట మెకానిక్ లేడు. అమ్మేవాడు పెద్దగా మాట్లాడలేదు. వెనక తలుపు తెరిచి, మెల్లగా దగ్గరికి నెట్టి చెయ్యి తీసేశాడు. వేలెడు సందు ఉండగా తలుపు ఆగింది, తర్వాత తనంతట తానే లోపలికి లాక్కుని చప్పుడు లేకుండా మూసుకుంది. నేను అమ్ముడుపోయింది ఆ తలుపు దగ్గరే. స్కానర్ పెట్టి చూద్దామా అని అడగాల్సింది. అడిగితే ఆయన చిన్నబుచ్చుకుంటాడేమోనని మొహమాటం. కూరగాయల మార్కెట్లో అరకిలో వంకాయలకు పుచ్చులు ఏరేవాణ్ని, ఇక్కడ ఒక లక్ష తగ్గించగానే చెయ్యి కలిపేశాను.

నిజానికి దారంతా కారు దేవతే. నాగ్‌పూర్ దాటాక 44వ నంబరు హైవే మీద వంద దాటినా చేతిలో టీ కప్పు తొణకలేదు. ఆర్మూరు దగ్గర పక్కకు తిరిగి జగిత్యాల, కరీంనగర్, హుజూరాబాద్ మీదుగా ఇల్లు చేరాను. అంత దూరం వచ్చి ఇంటి ముందు మొదటిసారి ఇరుక్కున్నాను. కారు పొడవు 5 మీటర్ల 20 సెంటీమీటర్ల పైనే, అంటే 17 అడుగుల పైమాటే. మా పోర్టికో 16. గేటు పడలేదు. మా ఆవిడ బయటికొచ్చి, కారు కేసి చూడకుండా గేటు కేసి చూసి, "గేటు పట్టని బండి ఎందుకు తెచ్చిండ్రు?" అంది. ఆ రాత్రి రెండు గేటు రెక్కలకూ సైకిల్ గొలుసు వేసి తాళం పెట్టాను. తర్వాత కూడా అంతే.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు నచ్చింది ఆ కారులో ప్రయాణం కాదు, అందులోంచి దిగడం. ఫంక్షన్ హాల్లో వాచ్‌మన్ నా పాత ఆల్టోను మురికి కాలువ పక్కకు తోలేవాడు. ఇప్పుడు పెళ్లికొడుకు కారు పక్కన చోటు చూపించాడు. నా శిష్యుడే ఒకడు పరిగెత్తుకొచ్చి తలుపు తీశాడు. దిగేటప్పుడు కావాలనే రెండు క్షణాలు ఆలస్యం చేసేవాణ్ని. కాకపోతే ఆ గౌరవానికి చందా ఉంటుంది. పెళ్లి చదివింపుల్లో అయిదు వందలు ఇస్తే రాసుకునేవాడు తలెత్తి చూస్తాడు. ప్లంబరు ముందు పోర్టికోలోకి తొంగిచూసి, తర్వాత రేటు చెబుతాడు. వినాయక చవితి కమిటీ కుర్రాళ్లు రసీదు పుస్తకం తెరవడానికి ముందే నా పేరు పక్కన అంకె వేసేసుకున్నారు.

లైఫ్ ట్యాక్స్ దగ్గర తగిలింది మొదటి దెబ్బ. వేరే రాష్ట్రం బండి కాబట్టి ఇక్కడ మళ్లీ కట్టాలి. నేను కొన్న ధర మీద అనుకున్నాను. వయసుకు తగ్గట్టు శాతం తగ్గుతుంది గానీ, లెక్క మొదలయ్యేది మాత్రం బండి కొత్తనాటి ఇన్‌వాయిస్ నుంచే. ఇన్సూరెన్స్‌లో ఒక్కచోటే న్యాయం జరిగింది. 1500 సీసీ దాటిన ఏ సొంత కారుకైనా థర్డ్ పార్టీ ప్రీమియం ఒకటే, 2022 నుంచి 7,897 రూపాయలు. 2987 సీసీల నా బెంజినీ ఎదురింటి స్కార్పియోనీ సమానంగా చూసిన కాగితం అదొక్కటే.

ఓ పొద్దున పాల పిల్లాడు కేకేశాడు. "సారూ, మీ బండి పంచరైంది."

వెళ్లి చూస్తే టైరు నిండుగానే ఉంది. కుంగింది కారు. కుడివైపు ముందు చక్రం సగానికి పైగా మడ్‌గార్డు లోపలికి వెళ్లిపోయింది, చక్రానికీ పై రేకుకీ మధ్య చిటికెన వేలు పట్టదు. ఎడమవైపు మామూలుగానే నిలబడి ఉంది. మొత్తం మీద ఒక కాలు మడిచి లేవనని మొరాయించిన ఎద్దులా ఉంది. స్టార్ట్ చేశాను. ముందువైపు ఎక్కడో గుర్రుమని సన్నటి మోత మొదలైంది. ఆగు, బండి మరీ కిందికుంది అని మీటర్ల మధ్య ఇంగ్లిషులో ఎర్రటి అక్షరాలు వచ్చాయి. కాసేపటికి ముక్కు మెల్లగా లేచింది. లేచింది కదా అని కాలేజీకి వెళ్లిపోయాను. మర్నాడూ అంతే చేశాను. ఆ వారమంతా అదే పని.

ఈ కారుకు మామూలు స్ప్రింగులుండవు. నాలుగు మూలలా రబ్బరు తిత్తులు, వాటిలో గాలి, ఆ గాలి నింపడానికి ఒక చిన్న కంప్రెసర్. పదేళ్లు మడతపడి లేచిన రబ్బరు చిట్లుతుంది. అది రబ్బరు గుణం, కారు చేసినవాళ్ల తప్పేమీ లేదు. చిట్లిన తిత్తి రాత్రంతా గాలి వదులుతుంది, పొద్దున్నే కంప్రెసర్ నింపుతుంది. అప్పుడప్పుడు కాసేపు తిరగడానికి చేసిన యంత్రం అది. ఆగకుండా తిరిగితే వేడెక్కి చస్తుంది, ఒక్కోసారి దాని రిలే అతుక్కుపోయి బండికి తాళం వేశాక కూడా తిరుగుతూనే ఉంటుంది. మొదటిరోజే చూపిస్తే ఒక తిత్తితో పోయేది. నేను 'లేచింది కదా' అనుకున్నన్నాళ్లకు కంప్రెసర్, రిలే, బ్యాటరీ కూడా లెక్కలో చేరాయి.

హనుమకొండలో ఆ పనికి చెయ్యి పెట్టేవాళ్లు నాకు దొరకలేదు. ఫ్లాట్‌బెడ్ లారీ ఎక్కించి హైదరాబాద్ పంపాను. కారు పైన, నేను లారీ క్యాబిన్‌లో. జనగామ దగ్గర టీ తాగుతూ డ్రైవరు నన్ను ఓదార్చాడు. "ఫికర్ జెయ్యకుండ్రి సార్. ఈ రూట్ల బెంజిలన్నీ నా బండి మీదనే పోతయి."

బిల్లు చూశాక తెలిసింది. పదేళ్లలో కారు ధర తరిగింది గానీ దాని సామాన్ల ధర తరగలేదు. నేను కొన్నది 11 లక్షల కారే, మేపాల్సింది కోటి రూపాయల కారును. ముందు కుడి తిత్తి ఒక్కటే లక్ష దాటింది. నా తగ్గుతున్న నిల్వల పద్ధతిలో ఈ సంగతికి గడి లేదు.

ఇక్కడి నుంచి చెప్పడం కష్టం. సెకండ్‌హ్యాండ్ యంత్రం కొని, వాడకానికి సిద్ధం చేయడానికి చేసే మరమ్మతు రాబడి వ్యయం కాదు, మూలధన వ్యయం. ఏటా పిల్లల చేత బట్టీ పట్టించిన సూత్రమే. దాన్ని అడ్డం పెట్టుకుని, ఇది ఖర్చు కాదు, ఆస్తి పెరగడం అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంటి పద్దు పుస్తకంలో ఆ మాట రాసే ధైర్యం లేక 'ఇంటి మరమ్మతులు' అని రాశాను. పద్దులు పద్ధతిగా రాయాలని ఊరంతటికీ నేర్పినవాడి చేతిరాత అది. నెలాఖరుకు మా ఆవిడ పుస్తకం తిరగేసింది. "ఇంటికేం మరమ్మతు జరిగింది? వంటింట్ల నల్లా ఇంకా కారుతనే ఉన్నది," అంది. తర్వాత అరవలేదు, అలగలేదు. నా గీతల కిందే తన గీత గీసి 'బెంజి' అని రాసి, వెనక పేజీల్లోని అంకెలన్నీ అక్కడికి మార్చింది. మొత్తం చూడటం అదే మొదటిసారి. అన్నాళ్లూ నేను కూడలేదు.

తర్వాత నూనె కారడం మొదలైంది. ఇంజిన్, గేరుబాక్సు కలిసే చోట చుక్కలు. క్రాంకు వెనక సీల్ పోయింది, గేరుబాక్సు దించాలన్నాడొకడు. ఇంకొకతను పైనుంచి టార్చి వేసి నవ్వాడు. ఈ వీ6 డీజిల్‌కు ఆయిల్ కూలర్ రెండు సిలిండర్ల వరసల నడుమ లోయలో కూర్చుని ఉంటుంది. దాని కింది సీళ్లు వేడికి గట్టిపడితే నూనె లోయలోంచి వెనక్కి జారి, అక్కడెక్కడో బొట్లు కడుతుంది. అక్కడికి చెయ్యి ఆనాలంటే టర్బో, మానిఫోల్డు అన్నీ విప్పాలి. పని అయ్యాక పాత సీళ్లు నా అరచేతిలో పెట్టాడు. రబ్బరే, కానీ నొక్కితే గోరు దిగలేదు. "సామాను వందల్లోనే సార్, లేబరే వేలల్లో," అన్నాడు. ఆ సీళ్లు చాలాకాలం నా పెన్ను స్టాండులో ఉన్నాయి.

అమ్మేద్దామనుకున్నప్పుడు ఈసారైనా నిజాయితీగా ఉండాలనుకున్నాను. కరీంనగర్ నుంచి రియల్ ఎస్టేట్ కుర్రాడొకడు వచ్చాడు. రాగానే తలుపు వేసి చూపించలేదు, బిల్లుల ఫైలు తెచ్చి చేతిలో పెట్టాను. తిత్తులు, కంప్రెసర్, సీళ్లు, టోయింగ్ రసీదులు, అన్నీ తేదీల వరసలో. చదివి భయపడి వెళ్లిపోతాడనుకున్నాను. అతను ఒక్కో పేజీ తిప్పుతుంటే మొహం విప్పారుతోంది.

"అన్నీ మీరే మార్పిచ్చిండ్రు గద సార్. ఇగ దీనికి ఖర్చేముంటది?"

వెనక తిత్తులు రెండూ ఢిల్లీ నాటివే. ఆ మాట చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే అతను కారు దగ్గరికి వెళ్లి వెనక తలుపు మెల్లగా నెట్టి, చెయ్యి తీసేసి, అది తనంతట తాను మూసుకోవడం చూస్తున్నాడు. నాకేసి తిరిగి టోకెన్ ఎంత పంపమంటారని అడిగాడు. చెప్పాను. ఎంతో చెప్పాను గానీ తిత్తుల సంగతి చెప్పలేదు.