గన్నవరం నుంచి ముక్కుసూటిగా

కంకిపాడు పెద్దాయనకు వారం రోజులుగా ఆ పదహారు గంటలు మింగుడు పడటం లేదు. గన్నవరం నుంచి డల్లాస్‌కు 14,500 కిలోమీటర్లు, విమానంలో 16 గంటలు అని అల్లుడు ఫోన్లో పంపాడు. ముప్ఫై ఏళ్లు రైస్ మిల్లులో గుమాస్తాగా చేసిన మనిషి ఆయన. తేమకింత, తాలుకింత తరుగు తీయని లెక్క ఎరగడు. ఇందులో తరుగేదీ?

ఉప్పులూరు రైల్వే గేటు ఎందులో కలిపారు? మూడు గంటల ముందే వెళ్లి కూర్చోవడం? బరువెక్కువైందంటే పెట్టె విప్పి, ఆవకాయ డబ్బా నలుగురి ముందూ బయటికి తీసి, మళ్లీ కాటా ఎక్కించడం? ఆ పైన శంషాబాద్‌లో ఒక పడిగాపు, దుబాయ్‌లో ఇంకోటి. ఆ దారిన దూరమే 15,700 దాటుతుంది.

అసలు దారి అది కాదని ఎదురింటి పదో తరగతి పిల్ల గ్లోబు మీద దారం లాగి చూపించింది. గన్నవరం తూర్పు రేఖాంశం 80.8 డిగ్రీలు, డల్లాస్ పశ్చిమ రేఖాంశం 97. కలిపితే దాదాపు 178, అంటే భూగోళానికి ఇంచుమించు అటుపక్క. కాబట్టి డల్లాస్ మనకు పడమరా కాదు, తూర్పూ కాదు. ఉత్తరం! నూజివీడు వైపు తిరిగి ముక్కుసూటిగా పోవడమే. కాన్పూర్, హిమాలయాలు, కజకిస్తాన్, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువాన్ని రెండు మూడొందల కిలోమీటర్ల దూరంలో పలకరించి, కెనడాలో విన్నిపెగ్ పక్కగా దిగితే డల్లాసే.

ఇక పెద్దాయన ఆగితేనా! టీ కొట్టు దగ్గర కనిపించిన ప్రతివాడినీ "అమెరికా ఎటురా?" అని అడగడం, వాడు పడమర చూపిస్తే నవ్వడం. "అయితే నూజివీడు మామిడికాయల లారీ ఎక్కేయండి బాబాయ్, చార్జీ కూడా కలిసొస్తుంది" అన్నాడు కొట్టతను. రాత్రి మంచం తిప్పి ఉత్తరానికి తల పెట్టుకోబోతే పిన్నిగారు కేకలేశారు. "కూతురింటి వైపేగా, తప్పేంటే?" అని ఈయన వాదన. మంచం మాత్రం తిరగలేదు.

సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా ఒకే ఊపున పోతున్నారు. మనకు 14,500కే అన్ని మజిలీలా అని ఆయన ఉక్రోషం. 2018 డిసెంబరులో గన్నవరం నుంచి సింగపూర్‌కు విమానం మొదలైతే సంబరపడ్డాడు. ఏడాది తిరక్కుండానే అది ఆగిపోయింది.

ఈ గంటల లెక్క టిక్కెట్టు కొనేటప్పుడే కాదు, ఇంకోచోటా అవసరపడుతుంది. కిందటేడు పక్క వీధిలో ఒక పెద్దావిడ పోతే ఫ్రీజర్ బాక్స్ తెప్పించారు. అరుగు మీద కూర్చున్నవాళ్లు "అబ్బాయి దుబాయ్ దిగాడంటనా?" అని, కాసేపటికి "శంషాబాద్ వచ్చాడా?" అని. ఆ రెండు రోజులూ గంటలు లెక్కగట్టి చెప్పింది పెద్దాయనే. మూడోనాడు పొద్దున అంతా సిద్ధం చేసుకున్నాక, కుర్రాడి కారు రైల్వే గేటు దగ్గర ఇరవై నిమిషాలు ఆగిపోయింది.

కుర్రాడు దిగేసరికి భుజాన సంచికి విమానం చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది.